ఆర్పినా ఆరని బల్బు

బావ పోయిన పదకొండో రోజు కర్మ ముగిసింది. సాయంత్రం అక్క ఆయన గదిలో స్విచ్ ఆపింది. బల్బు ఆరలేదు.

వెలగనూ లేదు. తెల్లటి బుడ్డి లోపల చచ్చిన చేప కన్నులాంటి మసక వెలుగు మిగిలింది. కిటికీలు మూసిన ఆ గదిలో అది గోడను కూడా చూపించలేదు, తనను తాను తప్ప.

ఆ ఎల్‌ఈడీ బల్బు తెచ్చింది నేనే. ప్రాణం పోయిన చోట కర్మ ముగిసేదాకా దీపం ఉంచడం మా వాళ్ల ఆచారం. ఆత్మకు దారి చూపడానికి నూనె ఎందుకని చావింట్లోనే వాదానికి దిగాను. వాదన సరైనదే, గొంతు తగ్గించి ఉండాల్సింది. చివరికి అక్క, నూనె దీపం బదులు గదిలో బల్బు ఆగకుండా వెలగాలంది. బావ కార్ఖానాలో కరెంటు పని చేసినవాడు. ఆ పనికే వచ్చి, హిందీవాళ్ల మధ్య సిద్ధగోరాలో ఆ ఇల్లు కట్టి, వైరింగూ తనే చేసుకున్నాడు. వేడి లేని వెలుగు వెలుగే కాదని ఆ గదిలో పాత ఫిలమెంటు బల్బునే ఉంచాడు. రెండో రోజే అది మాడిపోయింది. సాక్చి బజారు నుంచి ఎల్‌ఈడీ తెచ్చి పెట్టాను.

మేనకోడలు గుమ్మం దాటలేదు. "పాపా అభీ గయే నహీఁ, మామా," అంది, తండ్రి గురించి, హిందీలో.

అక్క బల్బునే చూస్తోంది. "మీ బావ ఇంకా ఎల్లనేదురా. దీపం వద్దన్నావు. దారి అవుపడక ఆగిపోనాడు."

ఆ గదికి తాళం వేసేస్తానంది. మూఢనమ్మకాలు పోగొట్టడానికి ఊళ్లు తిరిగేవాణ్ని; భయపడ్డవాళ్ల చేతే భయాన్ని ముట్టించడం నా పాత పద్ధతి. నాలుగు రోడ్ల మధ్య దిష్టి తీసి పడేసిన నిమ్మకాయలను ఎంతోమంది చేత పిండించి తాగించాను. రేపు నీ చేత్తోనే బల్బు తియ్యి అన్నాను.

తెల్లారి అక్క తలస్నానం చేసి, తడి చీరతో, వట్టి కాళ్లతో ఇనప స్టూలు ఎక్కింది. స్విచ్ ఆపే ఉంది. చెయ్యి ఎత్తింది. చెయ్యి దగ్గరయ్యే కొద్దీ ఆ వెలుగు పెరిగింది.

"వద్దంటన్నాడు," అంది అక్క, చాలా మెల్లగా.

వెంటనే దిగమన్నాను. బావ పనిముట్ల సంచిలోంచి టెస్టర్ తీసి, రబ్బరు చెప్పులు వేసుకుని, ఇత్తడి హోల్డర్‌కు తాకించాను. టెస్టర్ ఎర్రగా వెలిగింది.

బావ స్విచ్‌ను కరెంటు వచ్చే తీగకు కాకుండా, తిరిగి పోయే తప్పు తీగకు వేశాడు. స్విచ్ ఆపినా కరెంటు హోల్డర్ దాకా వచ్చి కూర్చునేది. ఏళ్ల వేడికి లోపలి పింగాణీ పగిలి, కరెంటు ఇత్తడికి ఎక్కింది. పాత బల్బుకు ఆ తప్పు బయటపెట్టే శక్తి లేదు. దానికి చాలా కరెంటు కావాలి. ఎల్‌ఈడీకి రవ్వంత చాలు. తడి చెయ్యి దగ్గరైతే మరికాస్త వెలుగుతుంది. అంతే.

నా అక్కను అక్కడికి ఎక్కించింది నేను.

కాగితం మీద బొమ్మ గీసి మొత్తం చెప్పాను. ఆమె ఓపికగా విన్నది.

"అవున్రా, తప్పు ఆయనే సేసినాడు," అంది. "సరిసెయ్యకుండా ఎలాగెల్తాడు?"

మధ్యాహ్నం ఆదిత్యపూర్ నుంచి తెలిసిన మిస్త్రీ వచ్చి తీగలు మార్చి, కొత్త హోల్డర్ బిగించాడు. సాయంత్రం అక్క స్విచ్ ఆపింది. గది పూర్తిగా చీకటైంది.

పన్నెండు రోజుల్లో మొదటిసారి, ఆ చీకట్లో అక్క ఏడ్చింది.