ఒక దీవి, ఒక తీగ, రెండు కంపెనీలు

లోకంలో ఏ రోగానికైనా పోటీయే మందు అని మనస్ఫూర్తిగా నమ్మిన కాలం ఒకటి నా జీవితంలోనూ ఉంది. ఆ రోజుల్లో నా జడ పొడుగ్గా, నాలుక అంతకంటే పొడుగ్గా ఉండేవి, బుర్ర మాత్రం బాగా పొట్టి. తెలుక్ ఇంటాన్‌లో చదువు ముగించి కౌలాలంపూర్ వచ్చి, బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరిటాకు భోజనాల హోటలు పై అంతస్తులో కొత్తగా తెరిచిన ఒక కంపెనీలో చేరాను. ఆ కంపెనీ కరెంటు అమ్ముతుంది. (తయారు చెయ్యదు, తీగలు లాగదు, స్తంభాలు పాతదు. అమ్ముతుందంతే. ఈ తేడా నాకే సరిగ్గా తెలియని రోజుల్లో దాన్ని ఊరందరికీ వివరించేదాన్ని.) మా యజమానిని మేం చాటుగా 'పోటీ సారు' అనేవాళ్లం. తల్లి తెలుగు, తండ్రి తమిళం కావడంతో ఆయనకు తెలుగు అర్థమయ్యేది గాని నోరు తిరిగేది కాదు. లిఫ్టు పాడైనా, కాఫీ చల్లారినా, గుమస్తా మానేసినా ఆయన ఒకటే మాట: "కాంపిటీషన్ వస్తే అన్నీ సరియాయిడుం మా!" అంటే అన్నీ సర్దుకుంటాయని. కింది హోటలు సాంబారు వాసన మాత్రం ఏ పోటీ లేకుండా మా ఆఫీసునంతా ఏలేది.

తూర్పు సముద్రంలో ఒక చిన్న దీవి ఉంది. చేపలు పట్టేవాళ్లు, నాలుగు హోటళ్లు, కొబ్బరిచెట్లు, డీజిలుతో నడిచే ఒక పవర్‌హౌసు, అంతే. అక్కడి కరెంటు వ్యాపారాన్ని ప్రయోగంగా పోటీకి తెరిచారు. పవర్‌హౌసును ఉన్నచోటే ఉంచారు. తీగల్ని విడదీసి, సముద్రానికి అవతలి ఒడ్డున ఆఫీసున్న వేరే కంపెనీకి అప్పగించారు. ఇళ్లకు అమ్మే పని మాత్రం ఇద్దరికిచ్చారు, పాత కంపెనీకీ మాకూ. ఒకే కడవలో రెండు చెంబులు ముంచి, మా చెంబు నీళ్లే తియ్యన అని కేకలెయ్యడమన్నమాట. ఇది నా ఇప్పటి మాట. అప్పట్లో దీన్ని విప్లవం అన్నాను, నీలం కోటు వేసుకుని మరీ అన్నాను. అంతమంది దరఖాస్తు పెడితే పోటీ సారు నన్నే ఎందుకు తీసుకున్నాడంటే నా తెలివి చూసేననుకున్నాను. కాదు. ఆ దీవిలో మా మావయ్య ఉన్నాడని. మావయ్య అక్కడ హోటళ్ల దుప్పట్లు ఉతికే మిషన్ల షాపు నడుపుతాడు. దీవి మొత్తంలో ఎక్కువ కరెంటు వాడే షాపుల్లో అదొకటి. మొదటి ఖాతాదారుగా మేనమామను పట్టుకురమ్మని మేనకోడలిని పంపారు.

పడవలో దారంతా వాంతులు చేసుకుని, కోటు సర్దుకుని వాళ్ల గుమ్మంలో నిలబడ్డాను. అత్త నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏటే, కరెంటు అమ్మడానికి వచ్చినావంట. సంచీలో తెచ్చినావేటి?"

"కాదత్తా, తీగలోనే వస్తుంది."

"ఇప్పుడా తీగలో వత్తన్నదేటి మరి?"

"అది పాత కంపెనీది."

"మరి మీదెప్పుడొత్తాది?"

"నువ్వు మా కంపెనీకి మారితే, ఆ వచ్చేదే మాదైపోతుంది."

అత్త మావయ్య వైపు తిరిగి, మాట చివర మలయ్‌వాళ్ల 'లా' తోక తగిలించి అంది. "గుంటకి ఎండ దెబ్బ తగిలినట్టుంది లా. సల్లగా తియ్యటి సిరపు నీళ్లియ్యి."

మావయ్య ఏమీ అడగలేదు. తడిచేతులు పంచెకు తుడుచుకుని, నేను చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. "మన గుంట ఉద్యోగమే. దీపం ఎలిగితే సాలు, పేరెవుడిదైతే ఏటి?" అన్నాడు. నా విప్లవానికి ఇంతకంటే గొప్ప అవమానం ఎవరూ చెయ్యలేదు. నేనది గెలుపనుకున్నాను.

పాత కంపెనీ తరపున దీవిలో ఒకే ఒక్కడుండేవాడు. అందరూ 'అబాంగ్' అని, అంటే అన్నా అని పిలిచేవాళ్లు. మేం కంపెనీ మారినవాళ్లకి గొడుగిస్తే, తిరిగి వచ్చినవాళ్లకి అబాంగ్ అన్నం కుక్కరిచ్చాడు. మేం ఫ్లాస్కుకు ఎగబాకాం. వాళ్లు ఇస్త్రీపెట్టెకు ఎగబాకారు. దీవి జనం పోటీ తత్వాన్ని పోటీ సారు కంటే బాగా గ్రహించారు. ఈ వారం ఇటు, వచ్చే వారం అటు. అందరికంటే ముందు మా అత్తే.

"అత్తా! సొంత మేనకోడల్ని వదిలి అటెళ్లావా?"

"ఎల్లినాను గాని మల్లీ వచ్చేత్తాను లా. ఈసారేటిత్తారు?"

"గొడుగు."

"గొడుగుంది. ఇంకేటి?"

మధ్యాహ్నాలు నేనూ అబాంగ్ ఒకే టీకొట్లో, ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఎవరు ఎటు దూకారో ఒకరినొకరు అడిగి తెలుసుకునేవాళ్లం. వానొస్తే అతను మా కంపెనీ గొడుగు వేసుకునే ఇంటికి వెళ్లేవాడు. (ఈ గొడుగుల ఖర్చు ఎవరు భరించారని అడక్కండి. ఆ దీవి జనమే, కరెంటు బిల్లులో. చవకగా ఇస్తామని వెళ్లిన మేం, అడుగుపెట్టిన కొన్నాళ్లకే పాత కంపెనీతో కలిసికట్టుగా ధర పెంచాం.)

ఇదంతా అఖండ విజయమని పోటీ సారు పైవాళ్లకు చెప్పుకున్నాడు. ఇంతమంది కంపెనీలు మారుతున్నారంటే ఎంత చైతన్యం! ఇక మిగతా దీవులకూ ఇదే పద్ధతి పెట్టాలా వద్దా తేల్చడానికి ప్రభుత్వ పెద్దలు కొందరు చూడ్డానికి వస్తారన్నారు. అది బాగా జరిగితే నా ఉద్యోగం ఖాయం. పెద్దలు దిగబోయేది మావయ్య దుప్పట్లు ఉతికే హోటల్లోనే. మచ్చ కనబడితే ఒప్పందం రద్దని హోటలు మేనేజరు ముందే చెప్పి ఉంచాడు.

పెద్దలొచ్చే రోజు ఉదయం షాపులో మిషన్లన్నీ హోటలు దుప్పట్లతో తిరుగుతుండగా, ఒక కొబ్బరిమట్ట వచ్చి తీగ మీద పడింది. టప్‌మని కరెంటు పోయింది. ఆ మట్ట వేలాడుతూ అందరికీ కనబడుతూనే ఉంది. మావయ్య మా కంపెనీకి ఫోన్ చేశాడు, అంటే పక్కనే నిలబడ్డ నాకు. తీగ మాది కాదు మావయ్యా అన్నాను. అబాంగ్‌ని పిలిస్తే, ఇదివరకైతే మాదే గాని ఇప్పుడు ముట్టుకుంటే తప్పంట అన్నాడు. తీగల కంపెనీకి చేస్తే, తర్వాతి పడవకు మనుషుల్ని పంపుతాం, మీరు ఎవరి ఖాతాదారులు అని అడిగారు. మావయ్య నావైపు చూశాడు. నేను అత్త వైపు చూశాను.

"ఈ వారం ఎవులిదో నాకు గేపకం లేదు లా," అంది అత్త.

ఈలోగా దుప్పట్లన్నీ మిషన్ల కడుపులో ఇరుక్కుపోయాయి. ఆ మిషన్ల తలుపులు కరెంటు లేనిదే తెరుచుకోవు. మావయ్య అడుగున మరలు విప్పి, గొళ్లెం పీకి, సబ్బునీళ్లు మోకాళ్ల దాకా పారుతుండగా ఒక్కొక్కటే బయటికి లాగాడు. బావి నీళ్లతో జాడించి, ఒక కొస నేనూ ఒక కొస అబాంగ్ పట్టుకుని పిండాం. (పోటీ కంపెనీలు రెండూ కలిసి ఆ దీవికి చేసిన ఏకైక సేవ అదే.) అంత పొడుగు దండెం గాలి తగిలేచోట మరెక్కడా లేక, పడవలు ఆగే జెట్టీ కమ్మీల మీద అటూ ఇటూ ఆరేశాం. ఆఖరి దుప్పటి పరుస్తుండగానే పడవ వచ్చేసింది.

పోటీ సారు పడవ ముందుభాగంలో నిలబడి ఉన్నాడు. రెపరెపలాడుతున్న తెల్లటి బట్టలు చూసి, మేం కట్టిన స్వాగత తోరణాలనుకుని రెండు చేతులూ ఊపాడు. పెద్దలూ ఊపారు. దిగి నాలుగడుగులు వేశారో లేదో, ఒక తడి దుప్పటి లేచి పోటీ సారు చెంప మీద చెళ్లున కొట్టింది. మైకు లేదు. ఉపన్యాసం గాలికి ఎగిరిపోయింది. ఒక పెద్దాయన మాత్రం వేలాడుతున్న మట్టను చూపించి, అది ఎవరి పని అని అడిగాడు. తీగల కంపెనీదండీ అన్నాం నేనూ అబాంగ్ ఒకే గొంతుతో. ఆ కంపెనీ వాళ్లెవరూ రాలేదా అన్నాడు. పెద్దల వెనకనుంచి కోటు వేసుకున్న ఒకాయన మొహమాటంగా చెయ్యెత్తాడు. అతను తీగల కంపెనీ మేనేజరు. తీగల్ని బాగు చెయ్యడానికి రాలేదు, మెచ్చుకోళ్లు అందుకోవడానికి వచ్చాడు.

అత్త చీర చెంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చి మలయ్‌లో అంది. తెలుగులో చెప్పాలంటే ఇంతే: "కరెంటున్నప్పుడు ఇద్దరొచ్చినారు, నాదంటే నాదని. కరెంటు పోతే ముగ్గురొచ్చినారు, నాది కాదంటే నాది కాదని. ఇదేనా మీరు సూడ్డానికొచ్చిన యాపారం?"

పెద్దల్లో ఒకరిద్దరు నవ్వు ఆపుకోలేకపోయారు. పోటీ సారు నావైపు తిరిగి, "ఎవరమ్మా ఈవిడ?" అన్నాడు తమిళంలో. మా మొదటి ఖాతాదారు సార్ అన్నాను.

సాయంత్రానికి కరెంటొచ్చింది. దుప్పట్లు ఉప్పుగాలికి అట్టల్లా ఆరాయి. వాటి మీద పడుకున్న పెద్దలు ఒళ్లంతా గోక్కుని, మర్నాడు ఫలహారం కూడా చెయ్యకుండా పడవెక్కేశారు. మిగతా దీవుల ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కొన్ని నెలలకు మా కంపెనీ మూతపడింది. అట్టల్లాంటి ఆ దుప్పట్ల పుణ్యమా అని హోటలు మేనేజరు అంతకుముందే మావయ్య ఒప్పందం రద్దు చేశాడు. ఆ వార్త ఫోన్లో విని నేను అన్నం మానేసి ఏడ్చాను. కానీ దుప్పట్లు ఉతికే షాపు దీవిలో మరొకటి లేదు. మాసిన గుట్ట హోటలు మెట్ల దాకా పేరుకున్నాక మేనేజరే వచ్చి బతిమాలుకున్నాడు. పోటీ లేకపోవడం వల్ల మా మావయ్య బతికిపోయాడు.

ఆ సంగతి పోటీ సారుకు చెబుదామనుకున్నాను గాని, ఆయన అప్పటికే ఇంకెక్కడో తాగునీళ్లకు పోటీ పెట్టే పనిలో ఉన్నాడని విన్నాను. ఆ నీళ్లు తాగేవాళ్లను తలుచుకుని ఊరుకున్నాను.

ఇప్పుడు నేను క్లాంగ్‌లో ఒక ఫ్యాక్టరీలో జీతాల లెక్కలు చూస్తాను. ఎవరికీ ఏదీ వివరించను. నిరుడు సెలవుల్లో మా అమ్మాయిని తీసుకుని దీవికి వెళ్లాను. అత్తకు మోకాళ్ల నొప్పులు వచ్చాయి, నోటికి మాత్రం ఏమీ రాలేదు. చాప వేసి, చేపల పులుసు వడ్డించి, నా ఖాళీ చేతులకేసి అనుమానంగా చూసింది.

"ఇప్పుడేటి అమ్ముతన్నావే?"

"ఏమీ అమ్మట్లేదత్తా. ఊరికే మిమ్మల్ని చూద్దామని వచ్చాను."

"ఓలమ్మో," అని గుండె మీద చెయ్యేసుకుంది. "పని పోయిందేటే?"

మావయ్య పకపకా నవ్వాడు. మాటలన్నీ అందకపోయినా మా అమ్మాయీ నవ్వింది. నేనూ నవ్వుతూనే, ఆనాడు ఈ గుమ్మంలోనే వాంతి మరకల కోటు వేసుకుని, గడ్డం పైకెత్తి, లోకాన్ని మార్చేస్తానని నిలబడ్డ పిల్లను తలుచుకున్నాను. ఎంత మూర్ఖురాలు! అయినా ఇప్పుడు గనక ఎదురుపడితే తిట్టబుద్ధి కాదు. కూర్చోబెట్టి, ఇంత సిరపు నీళ్లిచ్చి, నీ కాగితాలెక్కడమ్మా, సంతకం పెడతానంటాను.