అమ్మ అందుకున్న తుపాకీ లైటు

ఈ తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేచి వంటింట్లో టీ పెడుతున్నాను. అమ్మ చీకటి నడవలో గోడ పట్టుకుని, నమాజుకు ముందు ముఖం, కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకు బయలుదేరింది. విజిట్ వీసా మీద రియాద్ వచ్చిన అమ్మ పోయిన వారం ఆ నడవలోనే జారిపడింది. చేతికర్ర కొనిచ్చాం, ముట్టుకోలేదు. మళ్ళీ పడితే ఎముక విరుగుతుందని నాకు ఒకటే బెంగ.

మా తమ్ముడు మస్తాన్ ఎలక్ట్రీషియన్. వాడికి టార్చిలైట్ల పిచ్చి. జేబులో ఒకటి లేనిదే గడప దాటడు. ఈమధ్య తుపాకీ గొట్టానికి బిగించే లైటు తెప్పించాడు. తుపాకీ మాత్రం లేదు. ఈ పొద్దున దాన్ని అమ్మ కర్రకు బిగించి పట్టుకొచ్చాడు.

“మళ్ళీ ఆ కర్రేనా? నేనేమన్నా ముసిలిదాన్నా?” అంది అమ్మ.

“కర్ర గాదుమా, లైటుకు పిడి. పోలీసోళ్ళు తుపాకీకి పెట్టుకుంటారే, అది.”

“అట్లనా! ముందే చెప్పకూడదా నాయనా.”

అమ్మ అందుకుని, మీట నొక్కి, మొదట వాడి ముఖం మీదికే లైటు కొట్టింది. “ఇంగ యాడికి పోతావురా దొంగా!”

వాడు చేతులెత్తేశాడు. అమ్మ నేల మీద వెలుగు వేసుకుంటూ, కర్ర ఆనించుకుంటూ నింపాదిగా నడిచిపోయింది. అల్‌హందులిల్లా, అంతా అల్లా దయ అనుకున్నాను.

కర్ర పట్టనని మొండికేసే పెద్దవాళ్ళను మీరెలా దారికి తెచ్చుకున్నారో చెప్పండి. మేమైతే సాయంత్రం టీ దగ్గర కూర్చుని ఇలా అనుకున్నాం: లైటుకు చార్జింగ్ మస్తాన్ పెట్టాలి, ఇంట్లో ఎవరూ దాన్ని కర్ర అనకూడదు.