బుక్కపట్నం బావిలో దేవుడు నా కాళ్ళు కదిలించాడు

సహోదరులారా, సహోదరీలారా, నన్ను చిన్నప్పటి నుంచి చూసినవాళ్ళు ఈ ధర్మవరం సంఘంలో చాలామంది ఉన్నారు, రైల్వేలో పనిచేసిన మా నాయన చెయ్యి పట్టుకుని ఈ గుమ్మం దాటి వచ్చేదాన్ని, ఇక్కడే పాటలు నేర్చుకున్నాను, కాబట్టి నేను సునీతనని మళ్ళీ చెప్పనక్కరలేదు. కానీ పెళ్ళయి హిందూపురం వెళ్ళాక నేను ఎలాంటి చీకట్లో పడి ఉన్నానో మీలో కొందరికే తెలుసు. ఆ చీకటి దగ్గరనుంచే మొదలుపెడతాను, ఎందుకంటే దేవుడు నన్ను వెతుక్కుంటూ వచ్చింది అక్కడికే!

హిందూపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో నేను లెక్కల టీచర్ని, నా భర్త రఘుది ఫ్యాక్టరీలో షిఫ్టుల పని, మాకు ఒక పాప. పాప పుట్టాక ఒళ్ళు బరువైందని పరుగు మొదలుపెట్టాను, పరుగు నుంచి సైకిల్‌కు వచ్చాను. మా వీధి చివర బేకరీ నడిపే ఖాదర్ అన్న అప్పటికే ట్రయథ్లాన్ పోటీలకు పోయి వచ్చేవాడు. ట్రయథ్లాన్ అంటే ముందు ఈత, ఒళ్ళు ఆరకముందే సైకిల్, సైకిల్ దిగీ దిగగానే పరుగు, మూడూ ఒకదాని వెనక ఒకటి. "నువ్వు గూడా చెయ్యొచ్చమ్మా, నీకు దమ్ము ఉండాది," అనేవాడు. నాకు రెండు వచ్చు, ఈత ఒక్కటే రాదు, నీళ్ళంటే భయం. అయినా ఎప్పటికైనా ఒక్క పోటీ అయినా చెయ్యాలని మనసులో పెట్టుకున్నాను.

అలాంటి దినాల్లో ఒక జ్వరం వచ్చి పోయింది. మామూలు జ్వరమే. తర్వాత పాదాల్లో చీమలు పాకినట్టు తిమ్మిరి మొదలైంది, నడిచి నడిచి అలసటేమో అనుకున్నాను. ఒక ఉదయం క్లాసులో బోర్డు మీద లెక్క వేస్తుంటే చాక్‌పీసు చేతిలోంచి జారిపోయింది, వంగి తీసుకుందామంటే మోకాళ్ళు మడత పడ్డాయి, పిల్లల ముందే కూలబడిపోయాను! సాయంత్రానికి చేతులు లేవలేదు. బెంగళూరు ఆసుపత్రికి తీసుకుపోయేసరికి ఊపిరి కూడా అందలేదు, గొంతులోకి గొట్టం వేసి మిషను మీద పెట్టారు. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంట్లోని నరాల్ని దెబ్బ తీస్తోందని, కొందరు లేచి నడుస్తారు, కొందరికి చాలా కాలం పడుతుంది, ఇప్పుడే ఏమీ చెప్పలేమని డాక్టర్లు రఘుతో చెప్పారు.

సహోదరులారా, నోట్లో గొట్టం ఉన్నవాళ్ళు ఎలా ప్రార్థన చేస్తారు? నేను కళ్ళు మూసి తెరుస్తూ ఉండేదాన్ని. "ప్రభువా, నాకు నోరు లేదు, చేతులు జోడించే శక్తి లేదు, ఈ కనురెప్పల్నే నా ప్రార్థనగా తీసుకో తండ్రీ" అని లోపల అనుకునేదాన్ని. ఆయన తీసుకున్నాడు! డాక్టర్ల చేతుల మీదుగా నా ఊపిరి నాకు తిరిగి ఇచ్చాడు, మాట ఇచ్చాడు, మెల్లగా చేతులు ఇచ్చాడు. కానీ కాళ్ళు రాలేదు. నడుము కింద నావి కానివి రెండు దుంగలు ఎవరో తెచ్చి అతికించినట్టు ఉండేది. అలాగే ఇంటికి తీసుకొచ్చి కిటికీ పక్కన మంచం వేశారు. ఎదురుగా గోడకు ఆనించిన నా సైకిల్.

ఇప్పుడు మా అత్త గురించి చెప్పాలి. ఆమె ఈ రోజు వెనక బెంచీలో కూర్చుని ఉంది, నేను ఆమె మాట ఎత్తుతానని తెలిస్తే వచ్చేదే కాదు! పేరు నారాయణమ్మ, ఊరు బుక్కపట్నం. గొర్రెలు మేపి, వేరుశనగ పండించి, భర్త పోయాక ఒంటి చేత్తో రఘును చదివించిన మనిషి. మాది ఇష్టపడి చేసుకున్న పెళ్ళి. "మా దేవుణ్ణి మొక్కని పిల్ల మా ఇంటికెట్ల వస్తాది" అని ఆమె పెళ్ళికి రాలేదు, పాప పుట్టినా మా గడప తొక్కలేదు. అలాంటి ఆమె నేను ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలోనే చంకలో గుడ్డల మూట, చేతిలో నూనె సీసాతో వాకిట్లో నిలబడింది. గొర్రెల్ని తమ్ముడికి అప్పజెప్పి వచ్చిందంట. లోపలికి వచ్చి నా మంచం దగ్గర నిలబడి చెప్పింది:

"ఏమ్మే, నేను నీ దేవుని కోసరం రాలేదు, నా కొడుకు కోసరమూ రాలేదు. నీ కాళ్ళ కోసరం వచ్చినా."

ఆ దినం నుంచి ఆమె చేసిన సేవ కన్నతల్లి కూడా చెయ్యగలదా అని నేను ఆశ్చర్యపోతాను. నన్ను కడిగింది, తుడిచింది, వీపు పుండు పడకుండా పక్కకు తిప్పి తిప్పి పడుకోబెట్టింది, రాగి సంగటి మెత్తగా పిసికి ముద్ద పెట్టింది. ఫిజియోథెరపీ చేసే అబ్బాయి చూపించినట్టే కాళ్ళు పైకెత్తి వంచి చాపి, చెమటలు కారేదాకా చేయించేది. పొరుగు ఆడవాళ్ళు వచ్చి "అయ్యో, ఈ వయసులో ఎంత కష్టం" అని ఏడిస్తే, "బతికిండే పిల్ల ముందర ఏడ్సకూడదు, గమ్మున ఉంటే ఉండండి, లేదంటే ఇంటికి పోండి" అని పంపించేసేది! మేం సాయంత్రం ప్రార్థన చేసుకుంటుంటే ఆమె మాత్రం గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకునేది. ఖాదర్ అన్న వచ్చి నా సైకిల్ చక్రాలకు గాలి కొట్టి పోయేవాడు. నమాజులో నీ పేరు తలుస్తాండానమ్మా అనేవాడు.

నెలలు గడిచాయి. పట్టుకుంటే కూర్చోగలిగాను, అంతే. ఒక మధ్యాహ్నం నాకు విసుగొచ్చింది, సైకిల్ ఎవరికైనా ఇచ్చెయ్యమని రఘుతో గట్టిగా చెప్పేశాను, తర్వాత ఏడుస్తూ బయటికే ప్రార్థన చేశాను. "ప్రభువా, కాళ్ళు ఇచ్చే చిత్తం నీకు లేకపోతే ఈ ఆశనైనా నాలోంచి తీసెయ్యి, ఆశే నన్ను చంపుతోంది." వంటింట్లో ఉన్న మా అత్త తడి చేతులతో బయటికి వచ్చింది.

"అదేం ప్రార్థనమ్మే? అడిగేది అడుగు. ఆశ తీసెయ్యమని అడుగుతారా యాడన్నా?"

ప్రియులారా, చిన్నప్పటి నుంచి సంఘంలో పెరిగిన నాకు, యేసు పేరు పలకని మా అత్త ప్రార్థన నేర్పించింది! ఆ పూటే నేను మళ్ళీ అడిగాను, సిగ్గు లేకుండా, చిన్నపిల్లలా, కాళ్ళే కావాలని అడిగాను.

తర్వాత వచ్చినప్పుడు ఫిజియోథెరపీ అబ్బాయి, నీళ్ళలో అయితే ఒళ్ళు తేలికవుతుంది, పక్కన మనుషులుండి గట్టిగా పట్టుకుంటే నీళ్ళలో కాళ్ళాడించడం మంచిదని చెప్పాడు. ఈతకొలను యాడుందో, నన్ను ఎవరు తీసుకుపోతారో అని రఘు తలపట్టుకున్నాడు. మా అత్త నవ్వింది. "కొలనెందుకురా? మీ మామ తోటలో బావి ఉండాది. కాలవ నీళ్ళు చెరువుకొచ్చినాక ఊట బాగా పొంగింది. నేను నడక నేర్చింది యాడో నాకు తెల్దు గానీ ఈత నేర్చింది బుక్కపట్నంలోనే."

అట్లా మమ్మల్ని తీసుకుపోయింది. రాతి మెట్లున్న పెద్ద బావి. రఘు నన్ను ఎత్తుకుని మెట్లు దిగాడు, వాళ్ళ మామ అప్పటికే నీళ్ళలో ఉన్నాడు, నా నడుముకు తాడు, వీపుకు మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా. మా అత్త చీర కచ్చ పోసుకుని ముందే దూకింది! నేను భయంతో రఘు మెడ వదల్లేదు, ఆమే నా వేళ్ళు విడిపించింది. ఆమె ఒక చెయ్యి నా మెడ కింద, ఒక చెయ్యి నా నడుము కింద పెట్టి నన్ను వెల్లకిలా తేల్చింది. పైన గుండ్రంగా ఆకాశం కనిపిస్తోంది. అప్పుడు విన్నాను సహోదరులారా, మా అత్త పైకి చూసి, ఎవరో చుట్టంతో మాట్లాడినట్టు మాట్లాడుతోంది:

"ఏమప్పా యేసయ్యా, ఈ పిల్ల నీ పిల్ల. నేను పట్టుకునింది చాల్లేదు. నువ్వు గూడా ఒక చెయ్యి యెయ్యి."

అంతే ప్రార్థన! ఆమేన్ కూడా చెప్పలేదు. కాసేపటికి నా కుడి కాలి దగ్గర నీళ్ళు కదిలాయి, రఘు కదిపాడేమో అనుకున్నాను, రఘు మెట్ల మీద ఉన్నాడు. మా అత్త అరిచింది: "కొడతాంది రా! కాలు కొడతాంది!" కప్ప పిల్ల కొట్టినట్టు చిన్నగా, చాలా చిన్నగా కొట్టింది నా కాలు! ఆ బావిలో మేమంతా ఏడ్చాం, నవ్వాం, ఆ రాళ్ళు మా స్తోత్రాన్ని మళ్ళీ మాకే వినిపించాయి. దేవునికే మహిమ!

ఒక్క దినంలో లేచి పరుగెత్తానని చెప్పను, అబద్ధం చెప్పి దేవునికి మహిమ తేలేం. సెలవులొచ్చినప్పుడల్లా బావి, ఇంట్లో కర్ర పట్టుకుని నడక, తర్వాత కర్ర లేకుండా నడక, పడడం, లేవడం. విచిత్రం చూడండి, అన్నింటికన్నా ముందు నాకు భయమైన ఈతే వచ్చింది. నడక సరిగా రాకముందే బావిని చుట్టి ఈదేదాన్ని! తర్వాత ఒక దినం, రఘు ఎవరికీ ఇవ్వకుండా ఉంచిన నా సైకిల్‌ను ఖాదర్ అన్న పట్టుకుంటే ఎక్కాను.

ఇంక నా దినచర్య వినండి. తెల్లారకముందే లేచి ప్రార్థన చేసుకుని, పాప బాక్సుకు అన్నం పొయ్యి మీద పెట్టి రఘుకు అప్పజెప్పి, సైకిల్ తీసుకుని సోమందేపల్లి మీదుగా పెనుకొండ రోడ్డు పట్టేదాన్ని. నా వెనకాలే మోపెడ్ మీద మా అత్త! ఇది కల్పన కాదు, ఆ వయసులో ఆమె నాకోసం మోపెడ్ నేర్చుకుంది, లారీలు నన్ను చూడవేమోనని వెనక ఎర్ర లైటు వేసుకుని, తలకు తుండుగుడ్డ చుట్టి దాని మీద హెల్మెట్ పెట్టి వచ్చేది. ఒకసారి సోమందేపల్లి దగ్గర ఒక లారీ డ్రైవరు పక్కకు వచ్చి అడిగాడు: "ఏం అవ్వా, కోడల్ని తరుముతాండావా?"

"తరమల్లేదప్పా, కాపలా కాస్తాండా! నువ్వు రవంత దూరంగా పో!"

పెనుకొండ కొండ కనబడేదాకా ఎదురుగాలి, తుమ్మ ముళ్ళకు పంక్చర్లు, వేరుశనగ చేలల్లో అప్పుడే పనికొచ్చిన ఆడవాళ్ళు చెయ్యి ఊపేవాళ్ళు. సెలవు దినాల్లో పెనుకొండ దాకా పోయి, అక్కడి టీ కొట్టు దగ్గర ఆగి ఆమె బొరుగుల ఉగ్గాని తినేది, నాకు అరటిపండ్లు పెట్టేది. తిరిగొచ్చాక వీధి చివరిదాకా పరుగు, స్నానం, స్కూలు. సాయంత్రం కాళ్ళు పీకుతుంటే ఆ నొప్పికి కూడా స్తోత్రం చెప్పేదాన్ని, నొప్పి కూడా తెలియని కాళ్ళు ఎలా ఉంటాయో నాకు తెలుసు కదా!

పోటీకి ఖాదర్ అన్నే పేరు ఇప్పించాడు. సముద్రం ఒడ్డున ఉన్న ఒక పట్నం. మా అత్త సముద్రం చూడడం అదే మొదలు, పాదాలు తడిసేదాకా నీళ్ళలోకి నడిచి "ఇన్ని నీళ్ళు పెట్టుకుని మా అనంతపురం పక్కకు ఒక కాలవ తియ్యలేదా దేవుడు?" అంది!

ఈత మొదలైంది. బావిలో అలలుండవు సహోదరులారా. మొదటి అల ముఖాన కొట్టేసరికి ఉప్పునీళ్ళు మింగి, ఆసుపత్రిలో ఊపిరాడని దినం గుర్తొచ్చి చేతులు కొయ్యబారిపోయాయి. పక్కన రక్షకుల పడవ ఉంది, చెయ్యి ఎత్తితే తీసుకుపోతారు. చెయ్యి ఎత్తబోయాను కూడా. "ప్రభువా, అల ఆపమని అడగను, నన్ను మాత్రం వదలొద్దు" అని వెల్లకిలా తిరిగి తేలాను, ఆకాశం చూశాను, ఊపిరి కుదిరింది. మళ్ళీ బోర్లా తిరిగి ఒక్కో చెయ్యి వేశాను. అందరికన్నా వెనక ఒడ్డెక్కాను, ఎక్కాను! సైకిల్ మీద కొందర్ని దాటాను, పెనుకొండ గాలి నేర్పిన చదువు అది. పరుగులో మాత్రం ఎడమ పాదం ఈడ్చుకుపోయింది, ఇప్పటికీ ఆ పాదానికి పూర్తి బలం రాలేదు, అందరూ మళ్ళీ నన్ను దాటిపోయారు. ఎండ ముదిరింది, వాళ్ళు పెట్టిన గడువు దగ్గరపడింది, తోవ పక్కన కుర్చీలు మడతేస్తున్నారు. ముందే ముగించిన ఖాదర్ అన్న వెనక్కి వచ్చి, పట్టుకుంటే పోటీలోంచి తీసేస్తారని నన్ను ముట్టుకోకుండా పక్కనే నడుస్తూ "ఆ మలుపేనమ్మా, ఆ ఒక్క మలుపే" అంటున్నాడు. ఆ మలుపు తిరిగాను, గీత దాటాను, గడువు ఇంకా ఉంది! పాప వచ్చి నడుము చుట్టేసుకుంది.

మా అత్త కోసం చూశాను. జనంలో అట్లే నిలబడి, రెండు చేతులూ జోడించి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. నేను వచ్చింది ఆమె చూడనే లేదు! రఘు భుజం పట్టి కుదిపాడు.

"అమ్మా, వచ్చేసింది సునీత!"

కళ్ళు తెరిచి నన్ను చూసి, "వచ్చిందా? నేనింకా అడుగుతానే ఉండా!" అంది.

ప్రియులారా, మా అత్త బాప్తిస్మం తీసుకోలేదు, తీసుకుంటుందో లేదో నాకు తెలియదు, అది ఆమెకూ దేవునికీ మధ్య మాట. కానీ ఆయన ప్రేమ చేతులతో కాళ్ళతో తిరిగితే ఎలా ఉంటుందో నేను మా ఇంట్లోనే చూశాను. ఇప్పుడు ఆమె ఊరికే లేదు. ఈ ధర్మవరంలోనే పట్టుచీరలు నేసే లక్ష్మీదేవమ్మకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోతే, డాక్టరును అడిగి ఆమెను మా బావికి తీసుకొస్తోంది. పోయిన వారం లక్ష్మీదేవమ్మ మా చేతులు వదిలించుకుని తనంతట తానే ఒక మెట్టు ఎక్కింది.

కాబట్టి నా విన్నపం ఒకటే. మీ ఇంట్లో మంచం పట్టినవాళ్ళుంటే వాళ్ళను గోడకు తిప్పి పడుకోబెట్టొద్దు. మందు మానొద్దు, ప్రార్థన మానొద్దు. మన తండ్రి వినేవాడు, ఆలస్యమైనా వినేవాడు, మీకు మాటలు సరిగా రాకపోయినా వినేవాడు, నమ్మి అడగండి. ఆరాధన అయ్యాక మా అత్త బయట వేపచెట్టు కింద ఉంటుంది, వచ్చి ఆమెతో మాట్లాడండి. శనివారం బావికి పోతాం, మోపెడ్ మీద ఒకరికి చోటు ఉంది. నా ఊపిరికీ, నా అడుగులకూ, మా అత్తకూ కారకుడైన దేవునికి నిండు స్తోత్రం. ఆమేన్.