కరెంటు లేని టీవీ ముందు పిల్లలు

2009 జూన్‌లో నన్ను కోదాడ నుంచి మిర్యాలగూడ ప్రాజెక్టుకు బదిలీ చేశారు. స్త్రీ శిశు సంక్షేమ శాఖలో సూపర్‌వైజర్ ఉద్యోగం నాది. అంగన్‌వాడీ టీచరుకు పైన, ప్రాజెక్టు అధికారికి కింద ఉండే మెట్టు అది. కింది నుంచి ఫిర్యాదులు, పై నుంచి మెమోలు వచ్చి మా దగ్గరే కలుస్తాయి. త్రిపురారం వైపు ఇరవై నాలుగు కేంద్రాలు నా సెక్టారు. ప్రతి కేంద్రాన్నీ నెలకు ఒక్కసారైనా చూసి, అక్కడి తనిఖీ రిజిస్టరులో అభిప్రాయం రాసి సంతకం పెట్టాలి.

పొద్దున్నే మిర్యాలగూడలో బస్సెక్కితే రైసుమిల్లుల్లో ఉడికే వడ్ల వాసన ఊరు దాటేదాకా వెంట వచ్చేది. తర్వాత కాల్వ కట్ట, రెండు పక్కలా వరి. బస్సు దిగాక ఆటో, అది దొరక్కపోతే నడక. సంచిలో రిజిస్టర్లు, టిఫిన్ డబ్బా, గొడుగు. ఇప్పుడు మోకాళ్లు పట్టుకుని ఇంట్లో కూర్చున్నాక ఆ నడకలు ఎంత బాగుండేవో అనిపిస్తుంది. అప్పుడు మాత్రం రోజూ తిట్టుకుంటూనే నడిచాను.

మా శాఖలో తూకమే దేవుడు. దూలానికి కాటా వేలాడదీసి, కొక్కేనికి గుడ్డ సంచి తగిలించి, అందులో పిల్లను కూర్చోబెట్టి బరువు చూస్తాం. ఎదుగుదల పటంలో ఆ బరువు దగ్గర చుక్క పెడతాం. చుక్క ఆకుపచ్చ పట్టీలో ఉంటే పిల్ల బాగున్నట్టు, పసుపులో పడితే జాగ్రత్త, ఎరుపులో పడితే దవాఖాన. పిల్ల మాట్లాడుతోందా, తోటి పిల్లలతో ఆడుతోందా అని అడిగే గడులు కూడా మా పత్రాల్లో లేకపోలేదు. వాటిని అందరం ‘బాగుంది’ అని నింపేసేవాళ్లం. నేనూ అంతే.

కాల్వ పక్క ఊళ్లో ఒక కేంద్రం ఉండేది. టీచరు పేరు విజయ. ఒకే కిరాయి గది, ఇరవై ఎనిమిది మంది పిల్లలు, సాయానికి ఒక ఆయా. విజయ కష్టపడే మనిషి. 2010 మొదట్లో ఒక మిల్లు యజమాని ఆ కేంద్రానికి పెద్ద టీవీ, సీడీలు ఆడించే పెట్టె ఇచ్చాడు. బొమ్మల పాటలు వేస్తే చాలు, పిల్లలంతా గప్‌చుప్. ఆయా ముద్ద పెడితే నోరు తెరవడం, మింగడం, మళ్లీ తెరవడం. నాలుగు నెలల్లో పసుపులో ఉన్న చుక్కలు ఆకుపచ్చలోకి ఎక్కాయి. కూలికి పోయే తల్లులకు బెంగ తీరింది.

నేను రిజిస్టరులో రాసిన మాటలు ఇప్పటికీ కంఠతా వచ్చు. “పిల్లలు నిశ్శబ్దంగా, క్రమశిక్షణతో ఉన్నారు. ఆహారం వృథా కావడం లేదు. ఇతర కేంద్రాలకు ఆదర్శం.” అంతటితో ఆగానా? సెక్టారు మీటింగులో విజయను నిలబెట్టి చప్పట్లు కొట్టించాను. మీరూ ఎవరైనా దాతను చూసుకోండని మిగతా టీచర్లకు చెప్పాను. ముగ్గురు చూసుకున్నారు కూడా.

ఆ రోజుల్లో ఊళ్లకు పగటి కరెంటు వంతుల వారీగా వచ్చేది. నేనెప్పుడూ ఒకే బస్సుకు వెళ్లేదాన్ని కాబట్టి నేను చేరే వేళకు కరెంటు ఉండేది. ఆగస్టులో ఒక వారం కోత వేళలు మారాయి. ఆ సంగతి తెలియకుండా ఎప్పటి వేళకే వెళ్లాను.

గదిలోంచి చప్పుడు లేదు. పిల్లలు ఇంకా రాలేదేమో అనుకుంటూ లోపలికి తొంగి చూశాను. అందరూ ఉన్నారు. వరసగా కూర్చుని టీవీ వైపు చూస్తున్నారు. టీవీలో బొమ్మ లేదు. నల్లటి అద్దం, దాని ముందు ఇరవై ఎనిమిది మంది పిల్లలు. చెక్క దిమ్మెలు, బంతులు ఉన్న గోనెసంచి మూతి కట్టి మూల పడి ఉంది. విజయ గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని రిజిస్టర్లు రాసుకుంటోంది.

“కరెంటొచ్చేదాక గట్లనే కూసుంటరు మేడమ్. ఒక్కరు గూడ లేవరు,” అంది గర్వంగా. నెల కిందటైతే నేనూ అంతే గర్వంగా వినేదాన్ని.

లేచింది ఒక్క పిల్లే. పేరు శ్రావణి, మూడున్నరేళ్లు. టీవీ దగ్గరకు పోయి అద్దాన్ని అరచేత్తో కొట్టింది. ఆయా ఎత్తుకోబోతే చెయ్యి కొరికింది. కింద పడి తల నేలకు కొట్టుకుంటూ ఏడ్చింది. చాలాసేపటికి కరెంటు వచ్చింది, పాట మొదలైంది, కుళాయి కట్టేసినట్టు ఏడుపు ఆగిపోయింది. అంతసేపూ మిగతా పిల్లలు ఒక్కరు కూడా ఆ ఏడుపు వైపు తల తిప్పలేదు. నాకు నిజంగా భయమేసింది.

ఆ రోజే విజయ ఇంకో కాగితం నా ముందు పెట్టింది. మిర్యాలగూడలో వికలాంగుల నిర్ధారణ శిబిరం జరగబోతోంది, దానికి పంపే పిల్లల జాబితా. రెండో పేరు శ్రావణిది. ఎదురుగా ‘బుద్ధిమాంద్యం’ అని ఉంది. పిలిస్తే పలకదు, మాట రాదు, కొరుకుతుంది. టీచరు రాయడంలో తప్పు లేదు, రాయకపోతే రేపు ఆమెనే అడుగుతారు. సూపర్‌వైజర్ సంతకం పెట్టాకే అలాంటి జాబితా పైకి పోతుంది.

ఎవరు చెప్పారో గాని, శ్రావణి తల్లి యాదమ్మ నాటు వదిలేసి బురద కాళ్లతో వచ్చింది. వాళ్లది గొర్రెల మంద ఉన్న ఇల్లు. భర్త మందతో మేతకు పోయి ఉన్నాడు.

“మేడమ్, ఒక్కపారి కాయితంల ఎక్కితె ఊరంత పిచ్చిది అనే పిలుస్తది. రేపు బడిల గూడ కూసోనియ్యరు. జర ఆగుండ్రి, మీ కాల్మొక్త,” అంది.

నేను ఏ మాటా ఇవ్వలేదు. ఇవ్వగలిగిన స్థితిలో లేను. జాబితా పంపడానికి ఇంకా పది రోజులు గడువుంది. సంతకం పెట్టకుండా కాగితం సంచిలో వేసుకుని బస్సెక్కాను.

మరుసటి వారం యాదమ్మనూ, ఆమె అత్త కొమురమ్మనూ, పిల్లనూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాను. డాక్టరు పిల్ల వెనక నిలబడి స్టీలు పళ్లెం మీద చెంచాతో కొట్టాడు. పిల్ల చటుక్కున తిరిగింది. పేరు పెట్టి పిలిచాడు. తిరగలేదు. ఇంట్లో టీవీ ఎంతసేపు నడుస్తుందని అడిగాడు. “లేసినకాడికెల్లి పండేదాక,” అంది కొమురమ్మ. అంటే ఇంట్లో టీవీ, అంగన్‌వాడీలో టీవీ. పిల్ల మెలకువగా ఉన్న వేళల్లో మనిషి ముఖం చూసే వేళ లేదు.

కారణం ఇదొక్కటే అని తాను చెప్పలేనన్నాడు డాక్టరు. చెవులు బాగానే ఉన్నాయి కాబట్టి ముందు రెండు చోట్లా టీవీ బంద్ చేయమన్నాడు. ఎవరో ఒకరు ముఖం చూస్తూ మాట్లాడుతూ ఉండాలన్నాడు. మూడు నెలల తర్వాత మళ్లీ చూసి, మార్పు లేకపోతే ఇక ఒక్క రోజు కూడా జాప్యం చేయకుండా హైదరాబాదు పంపుతానన్నాడు. అదే చీటీ మీద రాసిచ్చాడు. చీటీని జాబితాకు జతచేసి, శ్రావణి పేరు మీద గీత గీసి, పక్కన సంతకం చేసి పంపాను.

తర్వాత విజయకు టీవీ తీసేయమని చెప్పాను.

“మంచిగున్నదన్నది మీరే, తియ్యిమన్నది మీరే. నాకు తెల్వకడుగుత మేడమ్, గీ పిల్లలతోని పొద్దుందాక ఏగేది మీరా నేనా?” అంది. అయినా టీవీ తీయించాను.

మొదటి వారం ఆ గది యుద్ధభూమే. పిల్లలు ఏడ్చారు, ఒకళ్లనొకళ్లు రక్కుకున్నారు. అన్నిటికన్నా ముఖ్యంగా, తినడం మానేశారు. టీవీ చూస్తూ మింగడమే తప్ప ఆకలేస్తే అడిగి తినడం వాళ్లకు రాలేదు. సెప్టెంబరు తూకంలో తొమ్మిది చుక్కలు పసుపులోకి జారాయి. తినబెడతారని పంపిస్తే ఆకలితో ఇంటికి తోలుతున్నారని తల్లులు విజయ మీదికి వచ్చారు. ఆదర్శ కేంద్రంలో బరువులు ఎందుకు తగ్గాయో మూడు రోజుల్లో వివరణ ఇవ్వాలని ప్రాజెక్టు అధికారి మెమో పంపింది.

మెమో కంటే ఆ తొమ్మిది చుక్కలే నన్ను ఎక్కువ బాధపెట్టాయి. ఇరవై ఏళ్లుగా చుక్కను పైకి ఎక్కించడమే నా పని. ఇప్పుడు నా చేత్తోనే కిందికి దించాను. భోజనం వేళ ఒక్క గంట టీవీ పెట్టుకోమంటే చాలు, వచ్చే నెలకు అంతా సర్దుకుంటుంది. ఆ మాట చెప్పడానికే మర్నాడు ఊరికి బయల్దేరాను.

గదిలో కొమురమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో శ్రావణి, చుట్టూ అయిదుగురు పిల్లలు, చేతిలో అన్నం పళ్లెం. ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టడం లేదు. చేతిలోనే పట్టుకుని పేరు పెట్టి పిలుస్తోంది. పిల్ల తన ముఖంలోకి చూశాకే ముద్ద అందిస్తోంది. ఎంతసేపైనా సరే, విసుగు లేకుండా పిలుస్తూనే ఉంది. ఎందుకలా అని అడిగాను.

“తల్లి సచ్చిన గొర్రెపిల్లకు సీసతోని పాలు తాపుతం బిడ్డా. సీస నోట్ల వెట్టి ఊకుంటే పాలు తాగుతది గని మందల కలువది. పిలుసుకుంట తాపాలె. గొంతు గుర్తువడితెనే మనెంబడి వస్తది,” అంది. ఒళ్లోని శ్రావణి తల నిమురుతూ, “దీనికి గూడ ఎనుకట గట్లనే తినబెట్టేదాన్ని. టీవీ వచ్చినంక నాకే సీరియల్ రుసి మరిగింది. తప్పు నాది, పిల్లది గాదు,” అంది.

నాకు సిగ్గేసింది. చదువురాని మనిషి తన తప్పును ఒక్క మాటలో ఒప్పేసుకుంది. నేను రెండు రోజులుగా మెమోకు సాకులు కూర్చుకుంటున్నాను. చెప్పాలని వచ్చిన మాట చెప్పకుండానే తిరుగు బస్సెక్కాను. ఆ సాయంత్రమే ఆఫీసులో కూర్చుని వివరణ రాశాను. టీవీని ప్రోత్సహించింది నేనే, తీయించింది నేనే. పెరిగిన బరువులు చూసి, పిల్లలు తినడం నేర్చుకోలేదన్న సంగతి గమనించలేదు. టీచరు బాధ్యత ఏమీ లేదు, రెండు నెలలు గడువు ఇప్పించగలరు. ఇదీ అందులోని సారాంశం. ఇకమీదట జాగ్రత్తగా మెలగాలన్న హెచ్చరిక ఒకటి నా ఫైల్లో చేరింది. మిగతా మూడు కేంద్రాల్లోనూ టీవీలు తీయించాను. మంచిపేరు పోయిందని అక్కడి టీచర్లు నన్ను చాలా రోజులు తిట్టుకున్నారట.

కొమురమ్మ రోజూ వచ్చేది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు ముసలమ్మలు కూడా రావడం మొదలుపెట్టారు. గోనెసంచి మూతి విప్పింది మాత్రం విజయే. నవంబరు నాటికి తొమ్మిదిలో ఆరు చుక్కలు మళ్లీ ఆకుపచ్చలోకి వచ్చాయి. ఆ నెల నేను వెళ్లేసరికి గోల సందు మొదట్లోకే వినిపించింది. గుమ్మంలో శ్రావణి ఖాళీ పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. నన్ను దాటి వీధిలోకి చూసి, వస్తున్న నాయనమ్మతో “అవ్వ, దా,” అంది. వారం నుంచి అంటోందట. విజయ నా వైపు చూసి నవ్వింది. అంతకుముందు రెండు నెలలుగా ఆమె నాతో సరిగా మాట్లాడలేదు.

కొరకడం ఒక్కసారిగా పోలేదు, సంవత్సరం పట్టింది. డిసెంబరులో డాక్టరు చూసి హైదరాబాదు అవసరం లేదన్నాడు. 2012లో ఆ పిల్ల ఊరి బడిలో ఒకటో తరగతిలో చేరింది. మాట ఇంకా కొంచెం నత్తిగానే ఉండేది గాని, పలక కోసం పక్క పిల్లతో కొట్లాడేంత మాట వచ్చింది. ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ జాబితాలో మొదటి పేరు తండా నుంచి వచ్చే ఒక పిల్లవాడిది. టీవీ ఆపినా వాడిలో మార్పు రాలేదు. వాడికి శిబిరం, ధ్రువపత్రం, చికిత్స అన్నీ అవసరమే అయ్యాయి. అన్నిటికీ టీవీనే కారణమని నేను అనడం లేదు.

2014లో పదవీ విరమణకు ముందు ఆఖరి తనిఖీకి ఆ కేంద్రానికి వెళ్లాను. పాత రిజిస్టరు అడిగి తీసుకున్నాను. సర్కారు రిజిస్టరులో తప్పు రాస్తే చెరపకూడదు, కాగితం చింపకూడదు. చదవడానికి వీలుగా ఒక్క గీత గీసి, సంతకం, తేదీ వేయాలి. ‘నిశ్శబ్దంగా, క్రమశిక్షణతో’ అన్న మాటల మీద 2010లో నేను గీసిన గీత అలాగే ఉంది. కింద నా రాతే: “పై అభిప్రాయం తప్పు. పిల్లలు మాట్లాడటం లేదు.”

ఆ నాలుగేళ్లూ నేను ఏ కేంద్రానికి వెళ్లినా ముందు కాటా అడగలేదు. చెప్పులు విడిచి గుమ్మం బయట ఒక నిమిషం నిలబడి విన్నాను. గోల వినిపిస్తే తూకం చూడటానికి వెళ్లాను. వినిపించకపోతే తూకం సంగతి పక్కన పెట్టి కారణం వెతికాను.