రిమోటుకు, రిసీవరుకు ముడి

మా ఆవిడ స్కూటీ మీంచి పడి కుడి చెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక వేళ్ళు కదిలిస్తూ ఉండమని డాక్టరు రబ్బరు బంతి ఇస్తే, దాన్ని మూలకు పడేసి థర్మాకోల్ కోసి విమానం చెయ్యడం మొదలుపెట్టింది. చిక్కడపల్లిలో మాది రెండు గదుల ఇల్లు. నెలల తరబడి అన్నంలో కూడా తెల్లటి పొట్టే. చివరికి విమానం తయారైంది. తన చేత్తోనే ఎగరెయ్యాలని ఆమె పట్టు. ఆ బొటనవేలేమో ఇంకా వణుకుతూనే ఉంది. అది పడి ముక్కలైతే ఈమె మళ్ళీ దేనికీ చెయ్యి చాపదని నా భయం.

ఈలోగా దాన్ని ఎగరెయ్యడానికి ఉంచుకున్న పాత రిమోటు పాడైంది. దాని సంకేతాలు అందుకునే రిసీవరు విమానం పొట్టలో అతికించి ఉంది, ఆ కంపెనీ రిమోట్లు ఇప్పుడు రావడం లేదు. అందుకని కొత్త రిమోటూ, దాని వెనక తగిలించే మల్టీ ప్రోటోకాల్ మాడ్యూలూ తెప్పించాను. ఒక్కో కంపెనీ రిసీవరుది ఒక్కో భాష. అగ్గిపెట్టెంత ఈ మాడ్యూలు, నారాయణగూడ దుకాణదారుల్లా, ఎవరితో వాళ్ళ భాషలో మాట్లాడుతుంది. రిమోటునూ రిసీవరునూ ఇలా కలపడాన్ని బైండ్ అంటారు, మా ఇంట్లో ముడి. భోజనాల బల్ల మీదే ముడి వేశాను. పచ్చ లైటు వెలిగింది, విమానం తోక ఆడింది.

"అయిపోయింది, నడువు" అని చెప్పులేసుకున్నాను.

"జర ఆగుండ్రి. దూరంకెళ్లి చూడకుండ ఎట్ల ఎగరేస్తం?" అంది.

నాకు ఆగడం ఎక్కడొచ్చు? ఆదివారం పొద్దున విద్యానగర్ అవతల ఖాళీ మైదానానికి చేరేదాకా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. విమానం ఆమె పట్టుకుంది. నేను రిమోటు ఆడిస్తూ వెనక్కి నడిచాను. మైదానంలో సగం దూరం పోకముందే తోక బిగుసుకుపోయింది.

"పొట్ట కోసి వేరే రిసీవర్ పెడ్త" అన్నాను, సంచిలో కత్తి వెతుకుతూ.

"నేను కొయ్యనియ్య. రిమోట్ ఇటియ్యుండ్రి."

స్కూటీ మీద కూర్చుని మాడ్యూలు సెట్టింగుల్లోకి వెళ్ళింది. ఫ్రీక్వెన్సీ సర్దే అంకెను నేను ముట్టుకోనే లేదు. పక్కపక్కన ఉన్నప్పుడు అది కాస్త తప్పినా నడిచిపోతుంది, దూరమైతేనే తెగిపోతుంది. ఆమె అంకె తగ్గిస్తూ పోయింది, ఒకచోట తోక ఆగింది. పెంచుతూ పోయింది, ఇంకోచోట ఆగింది. ఆ రెండింటికీ మధ్య అంకె పెట్టాలి. బొటనవేలు వణికి అంకె దాటిపోయేది, మళ్ళీ వెనక్కి వచ్చేది. "నేను నొక్కుత" అని పదే పదే అన్నాను. చివరికి తనే ఆ మధ్య అంకె దగ్గర ఆపింది.

ఈసారి విమానం నేను పట్టుకుంటే, ఆమె రిమోటుతో మైదానం ఆ చివరిదాకా నడిచింది. తోక ఆడుతూనే ఉంది. తిరిగి రాగానే రిమోటు కోసం చెయ్యి చాపాను.

"మీరు విసురుండ్రి" అంది.

విసిరాను. విమానం ఓ పక్కకు ఒరిగింది.

"ఎడమకు! ఎడమకు!"

"నాకు కనబడ్తలేదా?"

సర్దుకుని పైకి పోయింది. నేను గబగబా వచ్చి ఆమె మోచేతి కింద చెయ్యి పెట్టి నిలబడ్డాను. పడిన రోజు నుంచీ మెట్లు దిగినా, రోడ్డు దాటినా అట్లాగే నిలబడుతున్నాను.

"మీరు పోయి చాయ్ తాగుండ్రి" అంది, విమానం మీంచి కళ్ళు తిప్పకుండా. "నేను దించుకొని వస్త."

కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. చెయ్యి తీసేసి, చాయ్ బండి దాకా వెనక్కి చూడకుండా నడిచాను.