గడియారాల మేస్త్రి కుడి కన్ను

2014 జూన్ 9, సోమవారం ఉదయం 10 గంటల 20 నిమిషాలకు గడియారాల మేస్త్రి కుడి కన్ను ఇసుక పడ్డట్టు గరగరలాడింది. మధ్యాహ్నానికి ఎర్రబడి, ధారగా నీరు కార్చసాగింది.

బల్ల మీద బాబాయి జేబు గడియారం విప్పి ఉంది. మేస్త్రికి పని నేర్పినదీ, కంటి గుంటలో బిగించుకునే భూతద్దం ఇచ్చినదీ ఆ బాబాయే. "నెలాఖరుకి నడవాలిరా. రోజుకి ముప్పై సెకన్లు మించి తేడా వచ్చిందో, నా అద్దం ఎదురు గడియారాల కొట్టువాడికిచ్చేస్తా" అని తేల్చి చెప్పి వెళ్ళాడు.

అందుకే కుడి కన్ను మొరాయించగానే మేస్త్రి వెనకాముందూ చూడకుండా అద్దాన్ని ఎడమ కంటికి తగిలించాడు. వారం తిరక్కుండానే అదీ ఎర్రబడింది.

"కుడి కంటి జబ్బుని ఎడమ కంటికి నువ్వే మోసుకెళ్ళి అప్పజెప్పావు కదన్నయ్యా" అంది బాబాయి కూతురు. ఆమె కంటి డాక్టరు.

"ఏవైనా గట్టి చుక్కలు రాయమ్మా."

"ఇది వైరస్. యాంటీబయాటిక్ చుక్కలు దీన్నేమీ చెయ్యవు. కంటి పైపొర కణాలే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్ తయారుచేసి పక్క కణాల్ని హెచ్చరిస్తాయి. అవి వైరస్‌ని పెరగనివ్వకుండా అడ్డుకుంటాయి. కన్నీళ్ళలోనూ కాపలా ప్రొటీన్లుంటాయి. నువ్వు చేతులు కడుక్కో, కళ్ళు నలపకు."

"మేస్త్రి చెయ్యి పడకుండా బాగయ్యే యంత్రాన్ని నేనెక్కడా చూళ్ళేదు."

"గడియారం కాదు కాబట్టే బాగవుతుంది. విప్పకు, చాలు."

భార్య అద్దాన్ని సబ్బునీళ్ళతో కడిగి, ఆయన చేతికి అందకుండా పప్పు డబ్బాలో దాచింది. మేస్త్రి కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు.

"ఇంకా ఎన్నాళ్ళే?"

"ఇన్నేళ్ళూ ఊరందరికీ 'రేపు రండి' అన్నారుగా. ఇప్పుడు మీ కన్ను మీకంటోంది. వినండి మరి."

జూన్ 25న రెండు కళ్ళూ తేటపడ్డాయి. చెల్లెలు పరీక్షించి సరేనంది. పప్పు డబ్బా తెరుచుకుంది. మేస్త్రి ఊపిరి బిగబట్టి, వెంట్రుకంత సన్నటి స్ప్రింగు వంకర తీసి, గడియారాన్ని నడిపించాడు.

బాబాయి దాన్ని 29న పట్టుకెళ్ళి, రేడియో సమయంతో సరిచూసి పెట్టుకున్నాడు. మర్నాడు అదే వేళకు మళ్ళీ సరిచూసి, నేరుగా దుకాణానికి వచ్చాడు. బల్ల మీది అద్దాన్ని చూశాడు. ఎదురు కొట్టు వైపు చూశాడు. ముక్కు గోక్కున్నాడు.

"తేడా ఎంతో చెప్పు బాబాయ్" అన్నాడు మేస్త్రి.

"ఇరవై తొమ్మిది సెకన్లు."