బావ బండి నా చేతికి వచ్చిన ఏడాది

నాకు నలభై ఏడో ఏట మోటార్‌సైకిల్ లైసెన్సు వచ్చింది. స్కూటీ కాదు, గేర్ల బండి. ఈ మాట చెప్పగానే అందరూ ముందు నవ్వుతారు, తర్వాత ఎందుకని అడుగుతారు. సరదా పుట్టిందని చెప్పి తప్పించుకునేదాన్ని. నిజం అది కాదు. మా ఆయన ఇంకెప్పుడూ ఆ బండి నడపకుండా చూడడానికి నేర్చుకున్నాను.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. పెళ్ళికి ముందు ఏమని పిలిచానో ఇప్పుడూ అదే పిలుపు, బావ. మా రెండు కుటుంబాలూ తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికని ఖరగ్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాయి. నేను తెలుగు బడిలో చిన్న తరగతులకు చెబుతాను. బావ ఇరవై ఆరేళ్ళు రైలింజను నడిపాడు, మొదట గూడ్సు, తర్వాత పాసింజరు. రెండేళ్ళ కిందట ఎప్పుడూ జరిగే కంటి పరీక్షలో అతనికి నీటికాసులు ఉన్నట్టు తేలింది. ఆ జబ్బులో చూపు పక్కల నుంచి మూసుకుపోతూ వస్తుందట. ఎదురుగా ఉన్నది మాత్రం చాలాకాలం బాగానే కనిపిస్తుందట. వెంటనే ఇంజను దింపేశారు. డ్రైవర్లు డ్యూటీ ఎక్కే ముందు సంతకం పెట్టే ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. నిన్నటిదాకా తన పక్కన అసిస్టెంట్లుగా పని నేర్చుకున్నవాళ్ళు వచ్చి సంతకం పెట్టి రైలెక్కడానికి వెళ్తుంటే, బావ వాళ్ళకి ఆ పుస్తకం తిప్పి పెట్టేవాడు.

అప్పటి నుంచి ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. అతను మనిషిలా కనిపించేది ఒక్క మోటార్‌సైకిల్ దగ్గరే. తాల్‌బగీచాలో మా ఇంటి వాకిట్లో దాన్ని పొద్దున్నే తుడిచేవాడు, సెలవు రోజు చెయిన్‌కి నూనె పెట్టేవాడు. బండి సంగతి డాక్టరు ఏమన్నాడని అడిగితే, "సీకటి పడ్డాక ఒద్దన్నారు. పగలు ఫరవాలేదు" అన్నాడు. నమ్మాను. నమ్మితే హాయిగా ఉంది కాబట్టి నమ్మానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఒక ఆదివారం గోల్‌బజార్‌లో చేపలు కొనుక్కుని వస్తున్నాం. ఎడమ పక్క సందులోంచి ఒక రిక్షా వస్తోంది. నిదానంగా, గంట కొట్టుకుంటూ, కళ్ళున్న ప్రతివాడికీ కనబడేలా వస్తోంది. బావ వేగం తగ్గించలేదు. నేను అతని వీపు మీద చరిచి అరిచాను. బ్రేకు పడింది గాని రిక్షా చక్రం మా మడ్‌గార్డుని రాసుకుంటూ పోయింది. "దాదా, దేఖ్‌తే పాన్ నా?" అన్నాడు రిక్షావాడు. కనబడదా అని. బావ అతని మీద ఇంతెత్తున లేచాడు. తప్పు ఎవరిదో నాకు తెలుసు. అయినా నేను బావ పక్షమే మాట్లాడాను.

తాళం దాచేస్తే సరిపోయేదిగా అనవచ్చు. నేనూ అనుకున్నాను. కానీ ఇంజను ఎలాగూ డాక్టరు తీసేశాడు, మిగిలిన ఆ ఒక్క బండిని పెళ్ళాం తీసేసిందంటే ఆ మనిషి ఏమైపోతాడని భయం వేసింది. అందుకని దొడ్డిదారి వెతికాను.

"బావా, నాకు బండి నేర్పు. ఆటోల కోసం నిలబళ్ళేక సస్తన్నాను" అన్నాను.

"ఏటి, ఈ వయసులోనా? స్కూటీ కొనుక్కోరాదేటి."

"ఇంట్లో బండుండగా ఇంకోటెందుకు?"

బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. తర్వాత, "సరే. గాని ఆదివారం మాత్రం నానే నడుపుతాను. అది ఒప్పుకుంటేనే" అన్నాడు. ఒప్పుకున్నాను. ఆదివారం సంగతి ఆదివారం చూసుకుందాం అనుకున్నాను.

లెర్నర్ లైసెన్సు కోసం కంప్యూటరు ముందు కూర్చుని బొమ్మలు చూసి జవాబులు నొక్కాను. ఏళ్ళ తరబడి పిల్లలకు పరీక్షలు పెట్టినదాన్ని, నా అరచేతులకు చెమటలు పట్టాయి. పాసయ్యి ఇంటికొచ్చి, ఇక ఎక్కించు అన్నాను. బావ తల అడ్డంగా ఊపాడు.

"ముందు రోడ్డు నేర్సుకోవాల. బండి తరవాత."

ఇది రైలు డ్రైవర్ల పద్ధతి. కొత్త దారిలో రైలు నడపాలంటే, ముందు ఆ దారిలో మూడుసార్లు ఇంజన్లో ఊరికే కూర్చుని వెళ్ళి రావాలి. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, ఎక్కడ వంపు, ఏ సిగ్నలు ఏ చెట్టు దాటాక కనబడుతుంది, అన్నీ మనసులో పెట్టుకోవాలి. ఆ తర్వాత ఈ దారి నాకు వచ్చును అని సంతకం పెట్టాలి. అప్పుడే రైలు చేతికిస్తారు. బావ దృష్టిలో మోటార్‌సైకిల్‌కైనా దారి దారే. తాల్‌బగీచా నుంచి గోల్‌బజార్ దాకా నన్ను మూడుసార్లు కాలినడకన తీసుకెళ్తానన్నాడు.

"పుట్టినప్పటి నుంచి తిరుగుతన్న ఊరు, నాకేటి నేర్పుతావు?" అన్నాను.

"తిరగడం ఏరు, నడపడం ఏరు" అన్నాడు.

మోకాళ్ళ నొప్పితో, గొడుగేసుకుని, దారి పొడుగునా సణుక్కుంటూ నడిచాను. కానీ లోపల సంతోషంగానే ఉంది. ఇంజను దిగినప్పటి నుంచి పొడి మాటలు తప్ప మాట్లాడని మనిషి ఆ నడకల్లో ఆపకుండా మాట్లాడాడు. ఇక్కడ ఎడమ పక్క కాలవుంది, ఇక్కడ బడి వదిలే వేళకి పిల్లలు అడ్డం పడతారు, ఇక్కడ రోడ్డు వాలు, క్లచ్చి పట్టకుండా గేరులో దిగు. ఒక్కోచోట ఆగి, ఇంతదాకా చెప్పినవి నాచేత అప్పజెప్పించుకునేవాడు. నేను తప్పు చెబితే నవ్వేవాడు. ఆ నవ్వు కోసం ఒకటి రెండు కావాలనే తప్పు చెప్పాను.

మూడో నడక దుర్గాపూజ అయ్యాక ఒక పొద్దున. కిరాణా కొట్టు దాటగానే బావ చెయ్యి చాపి, "అదిగో స్పీడు బ్రేకరు. సెకండులోకి దించేసుకో. ఎనక మనిసుంటే ఎగిరిపడతారు" అన్నాడు.

అక్కడ బ్రేకరు లేదు. పూజకు ముందు ఆ రోడ్డంతా కొత్తగా వేసినప్పుడు దాన్ని తీసేశారు. తారు నల్లగా, నున్నగా ఉంది. నేను రోడ్డు వంక చూశాను, అతని వంక చూశాను. అతను దాన్ని దాటడానికి కాలు కాస్త ఎత్తి వేశాడు. నేలెక్కడుందో తెలియక ఒక్క క్షణం తూలాడు, ఏమీ జరగనట్టు నడిచాడు. ఇంకో పది అడుగులు వేశాక, కడుతున్న ఇంటి ముందు పోసిన ఇసక కుప్పలోకి ఎడమ కాలు దిగబడిపోయింది. "ఎవుడు పోసినాడిక్కడ?" అని విసుక్కున్నాడు. ఆ ఇసక అక్కడ పడి నెల దాటింది.

అప్పుడర్థమైంది. ఈ మూడు నడకల్లో బావ నాకు చెప్పినదంతా చూసి చెప్పినది కాదు, గుర్తుతో చెప్పినది. ఏడాదిగా నన్ను వెనక కూర్చోబెట్టుకుని తిప్పిందీ గుర్తుతోనే. ముందు భయం, ఆ వెనకే కోపం. నేను చచ్చినా ఫరవాలేదు, దారిన పోయే ఎవరి బిడ్డో కింద పడితే? ఇంటికి రాగానే అడిగేశాను.

"నీకు పక్కల అసలు అగుపడదు కదా బావా? నిజం సెప్పు."

"కొంచెం తక్కువ. అంతే."

"ఇసకలో కాలేసినావు."

"సూసుకోలేదు. నివ్వెప్పుడూ కాలెయ్యలేదేటి?" అన్నాడు. గొంతు పెంచకుండానే, "పొగమంచులో ఇంజను ముక్కు కూడా అగుపడదు. అలాటప్పుడు వెయ్యి మందిని ఎనకేసుకుని తీసుకెల్లినాను. దారొచ్చినోడికి ఏటీ అవదు" అన్నాడు.

రైలు దారి వేరు, అక్కడ ఎవరో ఒకరు నీ ముందు దారి ఖాళీ చేసి పెడతారు అని చెప్పబోయాను. అతని ముఖం చూసి చెప్పలేకపోయాను. ఆ పొగమంచు మాట తప్ప అతని దగ్గర ఇంకేమీ మిగల్లేదు. ఆ రోజు వంట చేస్తూ ఏడ్చాను. పప్పు మాడింది. అతను అదే తిన్నాడు.

బండి నేర్చుకున్నది నిమ్‌పురా వైపు రైల్వే క్వార్టర్ల వెనక మైదానంలో. బావ ఒక మూల నిలబడేవాడు. నన్ను చూడడం మానేసి బండి చప్పుడు వినేవాడు. "మూడోది తొందరగా ఏసినావు. ఇంజను ఏడుస్తంది, ఇనబడలేదా?" అని అక్కడి నుంచే కేకేసేవాడు. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. నాలుగుసార్లు పడ్డాను. సైలెన్సరు తగిలి కాలి పిక్క మీద కాల్చిన మచ్చ ఇప్పటికీ ఉంది. చీర మాని పంజాబీ డ్రెస్సు వేసుకున్నందుకు మా అత్త, అంటే బావ తల్లి, వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ వారం ప్రశాంతంగా గడిచిందని ఆవిడకి చెప్పలేదు.

మొదటిసారి టెస్టులో ఎనిమిది అంకె తిప్పుతూ కాలు దించాను. "దీదీ, కాలు దించితే ఫెయిలే" అన్నాడు అక్కడి ఉద్యోగి, పాపం బాధపడుతూనే. రెండోసారి దించలేదు. లైసెన్సు పోస్టులో వచ్చింది. బావ కార్డుని కళ్ళకు దగ్గరగా, సరిగ్గా ఎదురుగా పట్టుకుని చదివాడు. "ఫొటోలో దొంగలా ఉన్నావు" అన్నాడు. అది శనివారం.

"రేపు ఆదివారం. నాను నడపాల" అన్నాడు తర్వాత.

ముందే అనుకుని పెట్టుకున్న మాట అనేశాను. "నేర్పినోడివి, పరీక్ష సెయ్యవా? కొత్త డ్రైవరు ఎనకాల మీ ఇన్‌స్పెక్టర్లు కూకోరేటి? రేపొక్కపాలి కూకో. తప్పు నడిపితే తాళం నీదే."

ఆ మాట అతనికి నచ్చింది. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, నిజంగా తనిఖీకి వచ్చినట్టే వెనక ఎక్కాడు. పెళ్ళయ్యాక ఆ బండి మీద మొదటిసారి అతను వెనక, నేను ముందు. వీధిలో ఎవరో నవ్వారు. బావ వినిపించుకోలేదు. క్లచ్చి నిదానంగా వదిలానని మెచ్చుకున్నాడు కూడా.

గోల్‌బజార్ ఇంకా రాలేదు. ఆగి ఉన్న ఆటో వెనక నుంచి, ఎడమ పక్క, చంకలో పిల్లని ఎత్తుకున్న ఒకామె రోడ్డు మీదకి దిగింది. బ్రేకు వేశాను. బండి ఆగిపోయింది.

"ఎందుకాపినావు? దారి ఖాళీయే కదా" అన్నాడు బావ.

"ఆడమనిసి, బావా. సంకలో పిల్ల."

"ఎక్కడ?"

"ఎడం పక్క. నీ మోకాలికి బారెడు దూరంలో."

అతను తల పూర్తిగా తిప్పాడు. ఆమె అప్పటికి మా ముందు నుంచి దాటుతోంది. పిల్ల ఆమె భుజం మీద నుంచి మమ్మల్ని చూస్తోంది. అవతలి పక్కకి చేరేదాకా బావ వాళ్ళనే చూశాడు. వెనక ఎవరో హారన్ కొడితే నేను బండిని తోసుకుని పక్కకి తీశాను.

"నాకు అగుపడలేదే" అన్నాడు. ఆ మాట అతని నోటి నుంచి రావడం అదే మొదటిసారి. నేను వెనక్కి తిరగలేదు.

"ఏడాది ఈ దారినే తిరిగినాను. ఒక్కరికీ తగల్లేదు. నాను జాగర్తగా నడుపుతన్నాననుకున్నాను. ఆల్లే తప్పుకున్నారు."

అతను ఒప్పుకోవాలని నెలల తరబడి కాచుకున్నాను. వాదనలు సిద్ధం చేసుకున్నాను, దెబ్బలాడడానికీ సిద్ధపడ్డాను. తీరా విన్నాక, నేనే ఏదో పాపం చేసినట్టనిపించింది. ఎంతమంది రిక్షావాళ్ళు, ఎంతమంది ముసలివాళ్ళు, చేతిలో సంచులతో ఎంతమంది ఆడవాళ్ళు మమ్మల్ని చూసి వెనక్కి అడుగేసి ఉంటారో ఇద్దరం ఆలోచిస్తూ ఉండిపోయాం. వాళ్ళెవరో మాకు ఎప్పటికీ తెలియదు.

కాసేపటికి బావ చెయ్యి నా భుజం మీద పడింది.

"ఎల్లు," అన్నాడు. "పక్కలేటొస్తందో నాకు సెప్తా ఎల్లు."

బండి స్టార్టు చేశాను. ఎడమ పక్క సైకిలు, బావా, అన్నాను. కుడి పక్క చేపల బుట్టతో ఒకామె. ఎడమ పక్క ఇద్దరు పిల్లలు, చేతులు పట్టుకున్నారు. అలా బజారు దాకా చెబుతూనే వెళ్ళాను.